చిక్కన, పలచన: నైట్రో ట్రక్ ఇంజిన్‌లో మనం అసలు తిప్పేది ఏమిటి?

రిమోట్‌తో నడిపే చిన్న నైట్రో ట్రక్ అది. పొద్దున గ్రౌండ్‌లో దూసుకెళ్లింది, మధ్యాహ్నానికి మొరాయిస్తుంది. ఫ్యూయల్ అదే, గ్లో ప్లగ్ అదే, స్క్రూలు ఎవరూ ముట్టుకోలేదు. అడిగితే తలో మాట చెబుతారు. లీన్ అయిందని, అంటే ఫ్యూయల్ తక్కువైందని ఒకరు, ప్లగ్ పోయిందని ఇంకొకరు, టెంపరేచర్ ఎంతుందో చూడమని మరొకరు. ముగ్గురూ తప్పు చెప్పకపోవచ్చు. పెట్రోల్ బండి మీద మనకున్న అలవాట్లు ఇక్కడ సగమే పనికొస్తాయి. అందుకే ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) నైట్రో ఇంజిన్ ట్యూనింగ్ చుట్టూ ఇంత అయోమయం.

స్పార్క్ లేదు, ఆయిల్ పంపు లేదు

నైట్రో ఇంజిన్ చిన్న టూ-స్ట్రోక్ ఇంజిన్. ట్రక్కుల్లో సాధారణంగా 2.5 సీసీ నుంచి 4.6 సీసీ దాకా ఉంటుంది. ఇంజిన్ డబ్బా మీద పాయింట్ 15, పాయింట్ 21 అని కనిపించే అంకెలు ఘనపు అంగుళాల లెక్క. ఒక ఘనపు అంగుళం సుమారు 16.4 సీసీ కాబట్టి పాయింట్ 15 అంటే దాదాపు 2.5 సీసీ, పాయింట్ 21 అంటే దాదాపు 3.5 సీసీ. ట్రాక్సస్ కంపెనీ ట్రక్కుల్లో ఉండే 3.3 సీసీ ఇంజిన్ ఈ లెక్కన పాయింట్ 20.

దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. గ్లో ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల ఇగ్నైటర్‌తో దాన్ని ఎర్రగా కాలుస్తాం. ఇంజిన్ అందుకున్నాక ఇగ్నైటర్ తీసేసినా తీగ ఆరిపోదు. ప్లాటినం తాకినప్పుడు మెథనాల్ ఆవిరి చర్య జరిపి వేడి పుట్టిస్తుంది, పేలుడు వేడి దానికి తోడవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మంట ఏ క్షణాన అంటుకోవాలో నిర్ణయించే టైమింగ్ స్క్రూ ఎక్కడా లేదు. దాన్ని మిశ్రమం, కంప్రెషన్, తీగ వేడి కలిసి నిర్ణయిస్తాయి. అంటే ఫ్యూయల్ ఎంత వెళ్లాలో చూసే స్క్రూను, అదే నీడిల్‌ను, తిప్పితే ఫ్యూయల్‌తోపాటు టైమింగ్ కూడా కదులుతుంది.

లూబ్రికేషన్ కథా అంతే. ఆయిల్ ఫ్యూయల్‌లోనే కలిసి వస్తుంది, వేరే దారి లేదు. చల్లదనంలో పెద్ద వాటా కూడా ఫ్యూయల్‌దే. మెథనాల్ ఆవిరయ్యేటప్పుడు పీల్చుకునే వేడి, బరువుకు బరువు లెక్కిస్తే, పెట్రోల్ పీల్చుకునేదానికి దాదాపు మూడు రెట్లు. కాబట్టి ఫ్యూయల్ ఎక్కువైన చిక్కటి మిశ్రమం, అంటే రిచ్, ఇంజిన్‌ను చల్లగా, జిడ్డుగా ఉంచుతుంది. తక్కువైన పలచటి మిశ్రమం, అంటే లీన్, మూడు దెబ్బలు ఒకేసారి వేస్తుంది: ఆయిల్ తగ్గుతుంది, చల్లదనం తగ్గుతుంది, మంట ముందుగా అంటుకుంటుంది. అన్నిటికన్నా చిక్కేమిటంటే ఇంజిన్ చెడిపోవడానికి కాస్త ముందు, లీన్‌లోనే అది అన్నిటికన్నా చురుగ్గా అరుస్తుంది.

డబ్బాలో ఏముంది? 20 శాతానికీ 25 శాతానికీ తేడా ఉండకపోవచ్చు

ఫ్యూయల్‌లో మూడు సరుకులు: మెథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్. ట్రక్కులకు నైట్రో మామూలుగా 10 నుంచి 30 శాతం, ఆయిల్ 8 నుంచి 16 శాతం. ఆముదం ఎక్కువ వేడికి తట్టుకుంటుంది గానీ లోపల లక్కలాంటి పూత వదులుతుంది. సింథటిక్ ఆయిల్ శుభ్రంగా ఉంటుంది గానీ మితిమీరిన వేడిలో ముందుగా చేతులెత్తేస్తుంది. అందుకే చాలా కంపెనీలు రెండూ కలుపుతాయి. మన ఊళ్లలో ఒకప్పుడు బండి ఇరుసులకు పూసిన ఆముదమే ఈ ఇంజిన్లలోనూ ఉంది.

నైట్రో అంటే బలమైన ఇంధనమని అనుకుంటాం. కిలోకు లెక్కిస్తే దానిలో ఉన్న శక్తి మెథనాల్‌లో దాదాపు సగమే. దాని బలం ఇంకోచోట ఉంది: తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది. ఒక కిలో మెథనాల్ పూర్తిగా కాలడానికి సుమారు 6.5 కిలోల గాలి కావాలి, కిలో నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. సిలిండర్‌లోకి వచ్చే గాలి అంతే కాబట్టి, అదే గాలిలో ఎక్కువ ఫ్యూయల్ కాల్చుకోవచ్చు.

ఒక లెక్క చూద్దాం. 12 శాతం ఆయిల్ ఉన్న లీటరు ఫ్యూయల్‌లో నైట్రో పరిమాణం 10 శాతమైతే అది కాలడానికి దాదాపు 4.18 కిలోల గాలి కావాలి. 20 శాతమైతే 3.86 కిలోలు. అంటే 10 నుంచి 20కి మారినప్పుడు అదే గాలికి 8 శాతం ఎక్కువ ఫ్యూయల్ వెళ్లాలి. నీడిల్ కదపకుండా డబ్బా ఒక్కటే మార్చితే ఇంజిన్ ఆ మేరకు లీన్ అవుతుంది. 'కొత్త ఫ్యూయల్ వేశాక ఇంజిన్ పట్టేసింది' అన్న ఫిర్యాదుల్లో ఫ్యూయల్ తప్పు లేనివి చాలానే ఉంటాయి.

లేబుల్ గందరగోళం ఇంకొకటి. యూరోపియన్ యూనియన్ 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం బరువులో 16 శాతం దాటిన నైట్రోమీథేన్‌ను సామాన్యులకు ఊరికే అమ్మకూడదు. పేలుడు పదార్థాల తయారీకి వాడతారన్న కారణంతో దాన్ని ఆ జాబితాలో చేర్చారు. జర్మనీలోనో ఐర్లండ్‌లోనో ఉంటూ ఈ సరదా ఉన్న మనవాళ్లు డబ్బా కొనేముందు చూడాల్సింది 'బరువులో' అన్న మాట. నైట్రోమీథేన్ మిల్లీలీటరుకు 1.14 గ్రాములు తూగుతుంది, మెథనాల్ 0.79 గ్రాములే. లీటరులో 120 మిల్లీలీటర్ల నైట్రో పోస్తే అది 136 గ్రాములు. 760 మిల్లీలీటర్ల మెథనాల్ 602 గ్రాములు, మిగతా 120 మిల్లీలీటర్ల ఆయిల్ సుమారు 116 గ్రాములు. మొత్తం 854 గ్రాముల్లో 136 అంటే 16 శాతం. పరిమాణంలో 12, బరువులో 16, డబ్బా మాత్రం ఒకటే. ఇదే పద్ధతిలో పరిమాణం లెక్కన 20 శాతమున్న ఫ్యూయల్, బరువు లెక్కన 25 దాటుతుంది.

మూడు స్క్రూలు, ఒకే వరస

కార్బ్యురేటర్ మీద మామూలుగా మూడు స్క్రూలుంటాయి. హై స్పీడ్ నీడిల్ మొత్తం ఫ్యూయల్‌కు పెద్ద కుళాయి. లో స్పీడ్ నీడిల్ థ్రాటిల్ కొంచెమే తెరిచి ఉన్నప్పటి మిశ్రమాన్ని చూసుకుంటుంది. ఐడిల్ స్క్రూ, అంటే థ్రాటిల్ వదిలినప్పటి నెమ్మది వేగాన్ని చూసుకునేది, ఫ్యూయల్‌ను ముట్టదు. థ్రాటిల్ పూర్తిగా మూసుకోకుండా ఒక సందు ఆపుతుంది, అది ఒక మిల్లీమీటరు లోపే. నీడిళ్లను గడియారం వైపు తిప్పితే లీన్, ఎదురు వైపు తిప్పితే రిచ్.

చాలా కార్బ్యురేటర్లలో ఫ్యూయల్ ముందు హై స్పీడ్ నీడిల్ దాటి, తర్వాతే లో స్పీడ్ నీడిల్ దగ్గరికి వస్తుంది. పెద్ద కుళాయి కదిపితే చిన్న కుళాయి సెట్టింగ్ కూడా మారుతుంది. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం చిన్న కుళాయి ప్రభావం నామమాత్రం. అందుకే వరస ఎప్పుడూ హై, తర్వాత లో, చివర ఐడిల్. తలకిందులుగా చేసేవాళ్లు మధ్యాహ్నమంతా స్క్రూలు తిప్పుతూనే ఉంటారు.

ఒకసారికి ఎంత తిప్పాలి? హై స్పీడ్ నీడిల్‌ను ఎనిమిదో వంతు చుట్టు, అంటే గడియారంలో గంటన్నర ముల్లు నడిచినంత. లో స్పీడ్ నీడిల్‌ను అందులో సగం. తిప్పిన వెంటనే తీర్పు చెప్పకూడదు. పాత మిశ్రమం పిస్టన్ కింది గదిలో, అంటే క్రాంక్‌కేస్‌లో, ఇంకా ఉంటుంది. రెండు మూడుసార్లు పూర్తి థ్రాటిల్‌లో పరుగెత్తించాకే మార్పు తెలుస్తుంది. ట్యాంక్ సగం ఉన్నప్పుడు ట్యూన్ చేయడం మేలు. నిండుగా ఉన్నప్పుడు ఫ్యూయల్ మట్టం ఎత్తులో ఉండి మిశ్రమం కాస్త చిక్కగా, అడుగంటినప్పుడు కాస్త పలచగా ఉంటుంది. నిండు ట్యాంక్ మీద అంచున పెట్టిన ట్యూన్, ట్యాంక్ చివర్లో ఇంజిన్‌ను కాల్చేస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనంతగా స్క్రూలు చెదిరితే మాన్యువల్‌లో ఇచ్చిన ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు వెళ్లడమే దారి. నీడిల్‌ను మెల్లగా పూర్తిగా మూసి, అక్కడి నుంచి చెప్పినన్ని చుట్లు తెరవాలి. మూసేటప్పుడు బిగిస్తే సూది మొన, అది కూర్చునే చోటు గాయపడతాయి. తర్వాత ఏ సెట్టింగూ నిలవదు.

తడబాటు ఒకటే, కారణాలు రెండు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ట్రక్ ఆగి ఉంది, థ్రాటిల్ నొక్కారు, ఇంజిన్ తడబడింది, పికప్ లేదు. లో స్పీడ్ నీడిల్ రిచ్‌గా ఉన్నా ఇదే లక్షణం, లీన్‌గా ఉన్నా ఇదే లక్షణం. తేడా పొగలోనూ శబ్దంలోనూ ఉంటుంది.

ట్రక్‌ను పది సెకన్లు ఐడిల్‌లో ఉంచి అప్పుడు థ్రాటిల్ నొక్కండి. గరగరమంటూ దట్టమైన పొగ కక్కి, కాసేపటికి తేరుకుని పరుగెత్తితే రిచ్. క్రాంక్‌కేస్‌లో చేరిన అదనపు ఫ్యూయల్‌ను ఊదేయడానికి పట్టిన సమయమే ఆ తడబాటు. పొగే లేకుండా గొంతు పట్టినట్టు ఆగిపోతే, లేదా నొక్కగానే చచ్చిపోతే లీన్.

దీన్ని తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో పెట్టి, కార్బ్యురేటర్ దగ్గర ఫ్యూయల్ పైపును వేళ్లతో నొక్కిపట్టాలి. సెట్టింగ్ బాగుంటే రెండు నుంచి నాలుగు సెకన్లలో వేగం కొద్దిగా పెరిగి ఆగిపోతుంది. నొక్కగానే ఆగిపోతే లీన్. అయిదారు సెకన్లు దాటి, వేగం బాగా పెరిగి, అప్పుడు ఆగితే రిచ్.

పూర్తి వేగంలో తడబాటు వేరే సంగతి. 3.3 సీసీ ట్రక్, 20 శాతం ఫ్యూయల్ అనుకుందాం. ట్రక్ లేవగానే బాగా లాగింది, రెండు సెకన్ల తర్వాత అదే థ్రాటిల్‌లో వేగం పడిపోయింది, పొగ బాగా పల్చన, హెడ్ (సిలిండర్ మీది మూత) 140 డిగ్రీలు. ఇది హై స్పీడ్ నీడిల్ లీన్. ఎనిమిదో వంతు తెరిచి, రెండు పరుగులు తీసి మళ్లీ చూడాలి. అదే ట్రక్ పూర్తి వేగంలో గొణుగుతూ, దట్టంగా పొగ వదులుతూ, 85 డిగ్రీలు దాటకుండా ఉంటే అటువైపు తప్పు. సరైన చోట పూర్తి థ్రాటిల్‌లో కూడా సన్నటి నీలిరంగు పొగ చార వెనక కనిపిస్తూనే ఉంటుంది. పొగ పూర్తిగా మాయమైతే వేగం చూసి మురిసిపోకూడదు.

టెంపరేచర్ గన్‌ను ఎంత నమ్మాలి?

టెంపరేచర్ గన్ లేనిదే ట్యూనింగ్ లేదని ఒక వర్గం. పొగ, చెవి చాలునని పాతకాలపు చేతులు. రెండు వైపులా న్యాయముంది.

గ్లో ప్లగ్ మొదట్లో కొలిస్తే పనిచేసే ఇంజిన్ 95 నుంచి 130 డిగ్రీల మధ్య ఉంటుంది. కానీ ఆ అంకె మిశ్రమం ఒక్కదాని మీదే ఆధారపడదు. గేరింగ్ బరువైనా, ఎత్తయిన గడ్డిలో తోలినా, బ్రేక్ రాసుకుంటున్నా, బాడీలో గాలి తగిలే కంత లేకపోయినా రిచ్ ఇంజిన్ కూడా 130 దాటవచ్చు. చలి ఉదయాన లీన్ ఇంజిన్ 105 దగ్గరే నిలబడవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ గన్‌కు తన బలహీనత ఉంది: మెరిసే ఉత్త అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది, రంగు అనోడైజ్ చేసిన హెడ్ మీద నిజానికి దగ్గరగా చూపిస్తుంది. ఒకే ఇంజిన్‌కు ఇద్దరి గన్‌లు తేడా చూపాయంటే ఆశ్చర్యం లేదు.

టెంపరేచర్‌ను లక్ష్యంగా పెట్టుకోవడం కన్నా పోలికగా వాడుకోవడం తెలివైన పని. అదే గన్, అదే చోటు, అదే ట్రాక్, బలంగా తోలిన వెంటనే. మామూలుగా 110 ఉండేది ఇవాళ 128 ఉంటే ఏదో మారింది. గన్ లేనివాళ్లకు నీటిచుక్క ఉంది: హెడ్ మీద వేసిన చుక్క మూడు నుంచి అయిదు సెకన్లలో మరిగి పోతే ఫరవాలేదు, చుయ్‌మని క్షణంలో ఎగిరిపోతే వేడెక్కువ.

మూడో సాక్షి ప్లగ్. విప్పి చూస్తే తీగ బూడిదరంగులో తేమ మెరుపుతో ఉండాలి. తెల్లబడి వంకరపోతే లీన్, నల్లగా తడిగా ఉంటే రిచ్. ప్లగ్‌లలో హాట్, మీడియం, కోల్డ్ రకాలున్నాయి. నైట్రో శాతం పెరిగినా ఇంజిన్ పెద్దదైనా కోల్డ్ వైపు వెళ్లాలి. టర్బో ప్లగ్ కూర్చునే చోటు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అది మామూలు హెడ్‌కు పనికిరాదు.

పొద్దునకూ మధ్యాహ్నానికీ తేడా ఎందుకు?

హైదరాబాద్‌లో జనవరి ఉదయం 15 డిగ్రీలు, మే మధ్యాహ్నం 42 డిగ్రీలు అనుకోండి. వేడి గాలి పల్చన. లెక్క వేస్తే అదే సిలిండర్‌లోకి మేలో సుమారు 8.5 శాతం తక్కువ గాలి వెళ్తుంది. గాలి పల్చబడితే కార్బ్యురేటర్ లాగే ఫ్యూయల్ కూడా కొంత తగ్గుతుంది గానీ గాలి తగ్గినంత తగ్గదు. ఫలితం: ఎండాకాలం ఇంజిన్ రిచ్ వైపు, చలికాలం లీన్ వైపు జరుగుతుంది. మే నెలలో ట్యూన్ చేసి అటకెక్కించిన ట్రక్‌ను డిసెంబరు ఉదయం నేరుగా పూర్తి థ్రాటిల్‌లో తోలడం ప్రమాదం. ముందు పావు చుట్టు తెరిచి, అప్పుడు మెల్లగా మూసుకుంటూ రావాలి.

ఎత్తు కూడా లెక్కే. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. విశాఖ బీచ్ పక్కకన్నా అక్కడ గాలి పీడనం సుమారు 6 శాతం తక్కువ. హైదరాబాద్‌లో సరిపోయిన నీడిల్ విశాఖలో కాస్త లీన్. తీరంలోని ఉక్కపోత దీన్ని కొంత వెనక్కి లాగుతుంది, ఎందుకంటే నీటి ఆవిరి ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది.

స్క్రూలకు లొంగకపోతే

థ్రాటిల్ వదిలాక కూడా ఇంజిన్ గీపెడుతూ ఉండి, కొన్ని సెకన్లకు గానీ ఐడిల్‌కు దిగకపోతే రెండు అనుమానాలు. లో స్పీడ్ నీడిల్ లీన్‌గా ఉండటం ఒకటి. దాన్ని తెరిచినా మారకపోతే ఎక్కడో దొంగగాలి దూరుతోంది. కార్బ్యురేటర్ మెడ దగ్గరి ఓ-రింగ్, వెనక ప్లేటు గ్యాస్కెట్, ముందు బేరింగ్, ఫ్యూయల్ పైపులో సూదిమొనంత చిల్లు, ట్యాంక్ మూత రబ్బరు: ఇవీ దాని దారులు. ట్యాంక్‌ను విప్పి, ఒక పైపు మూసి, రెండోదాంట్లో ఊదుతూ నీళ్లలో ముంచితే బుడగలే చెబుతాయి. మెడ దగ్గర వేడికి తట్టుకునే సిలికాన్ సీలెంట్ సన్నగా రాస్తే చాలాసార్లు నయమవుతుంది.

సైలెన్సర్ నుంచి ట్యాంక్‌కు వెళ్లే సన్నపైపును చాలామంది పట్టించుకోరు. ఎగ్జాస్ట్ పీడనంతో ఫ్యూయల్‌ను ముందుకు నెట్టేది అదే. ఊడిపోయినా మసితో పూడుకున్నా ఇంజిన్ ఉన్నట్టుండి లీన్ అవుతుంది. మనం నీడిల్ తెరుస్తాం, తర్వాత పైపు సరిచేస్తే మునిగేంత రిచ్. గాలి ఫిల్టర్ మూసుకుపోతే దీనికి తిరగబడి, రిచ్ అవుతుంది.

స్టార్టర్ లాగితే కదలనంత గట్టిగా ఉంటే బలం చూపించకూడదు. సిలిండర్ ఫ్యూయల్‌తో నిండి ఉండవచ్చు. ద్రవం నొక్కుకుపోదు, వంగేది కనెక్టింగ్ రాడ్. గ్లో ప్లగ్ తీసి, ట్రక్ తిరగేసి, గుడ్డ అడ్డం పెట్టి నాలుగైదుసార్లు తిప్పితే ఫ్యూయల్ బయటికి చిమ్ముతుంది.

బ్రేక్-ఇన్ మీద తెగని వాదం

కొత్త ఇంజిన్ భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా మొదట్లో జాగ్రత్తగా నడపడమే బ్రేక్-ఇన్. కొత్త ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చేచోట పట్టినట్టు ఉంటుంది. అది లోపం కాదు. ఏబీసీ అన్న పేరు విన్నారా? అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం), దాని మీద క్రోమ్ పూత. పిస్టన్ రింగులు ఉండవు. స్లీవ్ పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ను బిగించి పడుతుంది. వేడెక్కితే ఇత్తడి, సిలికాన్ ఎక్కువున్న ఆ అల్యూమినియం కన్నా ఎక్కువ సాగుతుంది కాబట్టి సందు సరిపోతుంది.

పాత పద్ధతిలో నాలుగైదు ట్యాంకులు బాగా రిచ్‌గా ఐడిల్‌లో తాగిస్తారు. ఆయిల్ పుష్కలంగా అందుతుందన్నది వాళ్ల వాదన, అది నిజమే. రెండో పక్షం అభ్యంతరం స్లీవ్ గురించి: 70 డిగ్రీల దగ్గర స్లీవ్ తెరుచుకోదు, ప్రతి చుట్టుకూ పిస్టన్ అంచు రాపిడికి గురవుతుంది, రాడ్ మీద బరువు పడుతుంది. వీళ్లు హెయిర్ డ్రయ్యర్‌తో హెడ్‌ను ముందే వేడిచేసి, రిచ్ మిశ్రమంతోనే 95 డిగ్రీల పైన ఉంచుతూ రెండు మూడు నిమిషాలు నడిపి, పిస్టన్ కిందికి దించి చల్లార్చి, మళ్లీ నడుపుతారు. ట్రాక్సస్ మాన్యువల్ అయిదు ట్యాంకులను నేల మీద తోలుతూనే, థ్రాటిల్ కొద్దికొద్దిగా పెంచుతూ పూర్తిచేయమంటుంది. లోహం ప్రవర్తన చూస్తే వేడి పక్షానికే బలం ఎక్కువ. చల్లటి ఐడిల్‌లో బ్రేక్-ఇన్ చేసిన ఇంజిన్లూ ఏళ్ల తరబడి నడిచిన మాట నిజమే; కానీ లీన్‌గా బ్రేక్-ఇన్ చేయమని రెండు వర్గాల్లో ఎవరూ చెప్పరు.

దుమ్ము, తుప్పు

ట్రక్ ఇంజిన్లను ఎక్కువగా చంపేది దుమ్ము. స్పాంజ్ ఫిల్టర్‌కు ఫిల్టర్ ఆయిల్ పట్టించకపోతే సన్నమట్టి నేరుగా లోపలికి వెళ్తుంది. ప్రతి విడత తోలాక విప్పి, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక కొత్త ఆయిల్ పిసికి పెట్టాలి. మట్టి ఎక్కువైన రోజు మధ్యలోనే మార్చడానికి ఇంకోటి సిద్ధంగా ఉంచుకోవాలి. ఫిల్టర్‌కూ కార్బ్యురేటర్‌కూ మధ్య రబ్బరు మెడ చిరిగినా అంతే నష్టం.

తర్వాతి శత్రువు తేమ. మెథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. రోజు ముగిశాక లోపల మిగిలిన ఫ్యూయల్, కాలిన నైట్రో అవశేషం కలిసి స్టీల్ బేరింగులకు తుప్పు పట్టిస్తాయి. ట్యాంక్ ఖాళీచేసి, పైపులో మిగిలింది ఆగిపోయేదాకా కాల్చి, ప్లగ్ రంధ్రంలోనూ కార్బ్యురేటర్‌లోనూ ఆఫ్టర్-రన్ ఆయిల్ (తోలడం అయ్యాక తుప్పు పట్టకుండా వేసే నూనె) నాలుగైదు చుక్కలు వేసి కొన్ని సెకన్లు తిప్పాలి. ఆముదం బాగా ఉన్న ఫ్యూయల్‌కు ఇదంతా అక్కర్లేదనేవాళ్లున్నారు. వారం వారం తోలేవాళ్ల విషయంలో వాళ్ల మాట చెల్లవచ్చు; తీరప్రాంతపు తేమలో రెండు నెలలు పక్కన పెట్టే ఇంజిన్‌కు చెల్లదు.

ఫ్యూయల్ డబ్బాను మూత బిగించి, ఎండ తగలనిచోట ఉంచాలి. మెథనాల్ మంట పట్టపగలు కంటికి కనపడదు. కడుపులోకి వెళ్తే చూపు పోగొడుతుంది, చర్మం గుండా కూడా లోపలికి ఇంకుతుంది. కాబట్టి చేతికి గ్లవ్స్ ఉండాలి, ఆ డబ్బా పిల్లలకు అందకూడదు.

చివరికి ఎప్పుడో ఒకప్పుడు స్లీవ్ అరిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కి ఆగాక మళ్లీ అందుకోకపోతే, హెడ్ మీద నీళ్లు చల్లితే అందుకుంటే, అదే గుర్తు. ప్లగ్ ఉంచి ఫ్లైవీల్‌ను వేలితో తిప్పితే పైన పట్టు తగలదు. అప్పుడు నీడిళ్ల జోలికి వెళ్లడం వృథా. కొత్త పిస్టన్, స్లీవ్ జత, దానితోపాటే కొత్త కనెక్టింగ్ రాడ్ వేసి, ఇంజిన్‌ను మళ్లీ మొదటి ట్యాంక్ నుంచి బ్రేక్-ఇన్ చేయాలి.